రుబ్బురోలు దగ్గర ఆగిన లైన్ క్లియర్

2012 మే నెలలో నేను హైదరాబాద్‌లో చిక్కడపల్లి ప్రాంతపు సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే జనానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే ఆఫీసు. అందుకే తిట్లు కూడా మొదట అక్కడికే వస్తాయి. నారాయణగూడ వైపు పాత ఇళ్ల నుంచి అశోక్‌నగర్ హాస్టళ్ల దాకా మా పరిధి. నా పైన ఏడీఈ, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు. నా కింద ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, కొందరు లైన్‌మన్లు. స్తంభాల కింద నిలబడి పని చేయించే విభాగంలో ఆడవాళ్లు అప్పట్లో తక్కువ. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి “సార్ రాలేదా?” అని అడిగేవాళ్లు. “వచ్చిండు, నేనే” అనడం నాకు అలవాటైపోయింది.

ఆడపిల్లవు, కరెంటు ఉద్యోగంలోకి ఎట్లా వచ్చావని చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే రుబ్బురోలు మీద కోపంతో వచ్చాను.

మాది ముషీరాబాద్. నా చిన్నప్పుడు, అంటే అరవైల్లో, మా ఇంట్లో కరెంటు అంటే ముందుగదిలో ఒక బల్బు, నాన్న కుర్చీ పైన ఒక ఫ్యాను. వంటింటికి కరెంటు ఎందుకో ఎవరికీ తోచలేదు. పొద్దున లేచి బొగ్గుల కుంపటి రాజేయాలి. నీళ్లు కాగే రాగి హమాంలో చిదుగులు వేయాలి. సాయంత్రం కిరోసిన్ స్టవ్వు వత్తులు కత్తిరించి సమం చేయాలి. అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్లనని అందరూ గారాబం అనుకునేవారు గానీ, ఆ గారాబమంతా రోలు దగ్గరే తీరిపోయేది. పండుగ వస్తోందంటే మా అన్నలకు సంబరం, నాకు భుజాల నొప్పి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంటానన్నప్పుడు అమ్మ ఎందుకని అడిగింది. రోలు తిప్పే మోటారు కనిపెడతానన్నాను. నేను చదువు పూర్తిచేసేలోగా ఎవరో కనిపెట్టనే కనిపెట్టారు. ఉద్యోగం రాగానే మిక్సీ కొని తెచ్చాను. అమ్మ దానితో చేసిన గారె ఒకటి కొరికి, “గట్టిగున్నది” అని పక్కన పెట్టింది. ఆ ఒక్క మాటకు చాలా ఏళ్లు ఆమె మీద అలిగాను.

ఇక అసలు సంగతి. ఆ మే నెలలో ఒక రోజు తెల్లవారుతూనే అశోక్‌నగర్ వెనక ఒక సందులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మామూలుగా అయితే పక్కనున్న స్విచ్ లాగి ఆ ఒక్కదాన్ని విడదీసి, మిగతా ఇళ్లకు సరఫరా ఇచ్చేస్తాం. ఆ స్విచ్ తుప్పుపట్టి కదలనని మొరాయించింది. దాంతో ఫీడర్ మొత్తాన్ని, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే పదకొండు వేల వోల్టుల లైనునే, ఆపాల్సి వచ్చింది.

ఇలా ఆపడానికి మాకొక పద్ధతి ఉంది. దాన్ని లైన్ క్లియర్ అంటారు, మా వాడుకలో ఎల్సీ. పని చేయించే మనిషి సబ్‌స్టేషన్ ఆపరేటరును అడిగి ఎల్సీ తీసుకుంటాడు. ఆపరేటరు లైను ఆపి, స్విచ్‌కు తాళం వేసి, “మనుషులు పనిలో ఉన్నారు” అనే బోర్డు తగిలిస్తాడు. పని అయ్యాక, మనుషులందరూ కిందికి దిగారని, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా లైనుకు తగిలించిన ఎర్త్ గొలుసులు తీశారని చూసుకుని, ఎల్సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి అప్పజెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఏడీఈ చెప్పినా చెల్లదు. ఈ నియమాన్ని పక్కన పెట్టినచోట్ల మనుషుల ప్రాణాలు పోయాయి కాబట్టి దానితో ఎవరూ ఆటలాడరు.

ఆ రోజు ఎల్సీ తీసుకున్నది మా లైన్ ఇన్‌స్పెక్టర్ యాదయ్య. భువనగిరి పక్క పల్లె, నాకంటే కొద్దిగా చిన్నవాడు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. ఎవరైనా సాయమడిగితే కాదనలేకపోవడం ఒక్కటే ఆయన జబ్బు. మధ్యాహ్నానికల్లా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదికెక్కింది. ఇన్సులేషన్ పరీక్షించే ఇంజనీరు ఇంకో సెక్షన్ నుంచి రావాలి. ఆయన వచ్చేదాకా అందరూ నీడ చూసుకుని కూర్చున్నారు. ఆయన వచ్చి, పరీక్ష చేసి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. లైన్‌మన్లు దిగారు, గొలుసులు తీశారు. ఇక యాదయ్య ఒక్క మాట చెబితే కరెంటు వస్తుంది. ఆ యాదయ్యే లేడు.

ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. సబ్‌స్టేషన్‌కు పోయుంటాడన్నారు లైన్‌మన్లు. ఆపరేటరు రాలేదన్నాడు. బండి చూస్తే గోడ పక్కనే ఉంది. అప్పటికే హాస్టళ్ల పిల్లలు బనియన్ల మీద తువ్వాళ్లు వేసుకుని, చేతుల్లో గైడ్లతో సందులోకి దిగారు. పోటీ పరీక్ష దగ్గరపడిన కాలం. ఒకతను దండం పెట్టి మరీ అన్నాడు: “మేడం, చెమటకు చదివింది చదివినట్టే కారిపోతుంది. జర కరెంటు ఇయ్యుండ్రి.” నవ్వొచ్చింది గానీ నవ్వే స్థితిలో లేను. ఎల్సీ తీసుకున్న మనిషి కనబడకపోతే మా మనసు ముందు స్తంభాల పైకే పోతుంది. మాకెవరికీ చెప్పకుండా ఇంకెక్కడో లోపం చూడబోయి, పైన ఎక్కడైనా కూలబడ్డాడేమోనని ఆ సందులోని స్తంభాలన్నీ ఎండలో తలెత్తి చూసుకుంటూ నడిచాను.

సందు చివర, సున్నం పెచ్చులూడిన ఒక పాత ఇంటి గేటు ముందు బిందెలు బారులు తీరి ఉన్నాయి. మోటార్లు ఆగిపోయేసరికి అపార్ట్‌మెంట్లలో నీళ్లు అయిపోయాయి. ఆ ఇంటి పెరట్లో చేతిబోరింగు ఉందని తెలిసి సందులో ఆడవాళ్లంతా అక్కడికే చేరారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ మొహాలు తెలియనివాళ్లు ఆ రోజు ఒకరి బిందె ఒకరు ఎత్తుతున్నారు. యాదయ్య గురించి అడగబోతూ ఆగాను. పెరట్లోంచి గరగరమని ఒక చప్పుడు. ఆ చప్పుడు నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను.

వెళ్లి చూస్తే, దండెం మీద ఖాకీ చొక్కా ఆరేసి ఉంది. దాని కింద మా లైన్ ఇన్‌స్పెక్టరు బనియన్ మీద, చెయ్యంతా పిండితో, పీట మీద కూర్చుని పొత్రం తిప్పుతున్నాడు.

బతికున్నాడన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన నోరు తెరిచి, “ఫోన్ రాలేదు మేడం, వస్తదనే చూస్తున్న” అన్నాడు. నేను మళ్లీ నంబరు కొట్టాను. చొక్కా జేబు మౌనంగా ఉంది. ఇంటి లోపల ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా మోగింది.

ఆ ఇంటి పెద్దావిడ అనసూయమ్మ తాపీగా బయటికొచ్చింది. “గదా? నేనే బియ్యం డబ్బాల పెట్టిన బిడ్డా. పసిపిల్ల గిప్పుడే పండుకున్నది. ఈయన నీళ్లకు బోరింగు కాడికి పోయినప్పుడు దండెం మీద ఒకటే ఒర్లుతుంటే ఏం జెయ్యాలె? మూత గట్టిగ పెట్టిన” అంది.

ఒక ఫీడర్ మీది ఇళ్లన్నీ, ఆ హాస్టళ్లన్నీ, ఒక బియ్యం డబ్బా మూత కింద ఆగి ఉన్నాయి. కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు.

జరిగింది ఇది. ఆ సాయంత్రం అనసూయమ్మ మునిమనవరాలిని తొట్టెలలో వేసే వేడుక. కాచిగూడ నుంచి వియ్యాలవారు వస్తున్నారు. రాత్రి నానేసిన మినపపప్పు సిద్ధంగా ఉంది, గ్రైండరు నడవదు. నీళ్లు తాగడానికి వచ్చిన యాదయ్యకు, మూలన బట్టలుతికే చోట బోర్లా పడి ఉన్న రోలును తిప్పలేక అవస్థపడుతున్న ముసలావిడ కనిపించింది. ఇంకేముంది, లేపాడు, కడిగాడు, కూర్చున్నాడు. పల్లెలో తల్లికి రుబ్బిపెట్టిన చెయ్యి కదా, వాయి మీద వాయి దించుతున్నాడు.

చేతులు కడిగించి ఆయన్ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పంపాను. మనుషులు దిగారని, గొలుసులు తీశారని తనే చూసుకుని, బియ్యం దులిపిన ఫోన్‌లోంచే ఆపరేటరుకు ఎల్సీ అప్పజెప్పాడు. హాస్టళ్ల వైపు నుంచి “ఓ!” అని పెద్ద కేక వినిపించింది. మా వృత్తిలో చప్పట్లు అంటే అవే.

కానీ ఈ సందుకు అప్పుడే రాదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఇచ్చాక, ఇళ్లను కలపకుండా కొంతసేపు ఊరికే ఉంచి చూడాలి. వేడెక్కకుండా, మోత పెట్టకుండా ఉంటేనే లోడు ఇస్తాం. సాయంత్రం అవుతుందని చెప్పాను. యాదయ్య గద్దె దగ్గర కాపలా ఉండాలి. రోల్లో పప్పు సగం నలిగి ఉంది.

అనసూయమ్మ కోడలు లత బ్యాంకులో పనిచేస్తుంది. “అత్తమ్మా, పక్క గల్లీల కరెంటు వచ్చింది. వాళ్లింట్ల గ్రైండర్‌ల వేసుకొస్త. లేకుంటే హోటల్‌కు చెప్తం” అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. నేనైనా అదే అనేదాన్ని.

అనసూయమ్మ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. “వచ్చే నెల ఈ ఇల్లు బిల్డరుకు ఇస్తున్నం. నేను కొత్త కోడలుగ వచ్చిననాడు ఇదే రోట్ల రుబ్బిన. ఇంట్ల ఇదే ఆఖరి పండుగ. శుభకార్యం పిండి గడప దాటి పోవద్దు, హోటల్‌కెల్లి రావద్దు. గారెలు తక్కువైనా మంచిదే గానీ మా పొయ్యి మీదివే కావాలె” అంది. చెప్పి తనే పీట మీద కూర్చోబోయింది. మోచేయి సహకరించలేదు. బోరింగు దగ్గరి ఆడవాళ్లలో ఒకామె ముందుకొచ్చి రెండు తిప్పులు తిప్పి, వేలు నలుపుకుని లేచింది. కుడిచెయ్యి పొత్రాన్ని తిప్పుతుంటే, ఎడమచెయ్యి దాని వెనకే పప్పును గుంటలోకి తోయాలి. అలవాటు లేనివాళ్లకు ఆ రెండు చేతులూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

“జరగండమ్మా” అన్నాను. చీర కుచ్చెళ్లు దోపి కూర్చున్నాను.

దాదాపు ముప్పై ఏళ్లు ముట్టుకోని పని. రెండు తిప్పుల్లో చెయ్యి దారి పట్టింది. పప్పు మెత్తబడే కొద్దీ గరగర తగ్గి, పిండి పొత్రాన్ని పట్టుకుని వదిలే చప్పుడు మొదలైంది. నీళ్లు చిలకరించడం లత నేర్చుకుంది. బోరింగు దగ్గరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటుంటే, చెయ్యి మీద చెయ్యి వేసి తిప్పించాను. మా అత్త ఇట్లా చేసేది, మా ఇంట్లో సన్నికల్లు ఉండేది, ఆరుబయట పడుకున్నప్పుడు రేడియో ఎవరి పక్క దగ్గర ఉండాలో కొట్టుకునేవాళ్లం అని తలా ఒక మాట. బోరింగు కిర్రుమంటోంది, బిందెలు నిండుతున్నాయి, ఎవరికీ ఇంటికి పోవాలని లేదు. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో ఆ క్షణంలోనే తెలిసింది. చిన్నప్పుడు నేను ఒంటరిగా రుబ్బాననుకున్నాను. అమ్మ ఎప్పుడూ ఎదురుగానే కూర్చుని పప్పు తోసేది. ఆ మాట గుర్తే లేదు నాకు ఇన్నేళ్లు.

మధ్యలో ఏడీఈ గారు ఫోన్ చేశారు. నా చేతులు పిండిలో ఉన్నాయి కాబట్టి లత ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. ఎక్కడున్నారని అడిగారు. సైట్‌లోనే ఉన్నాను సార్ అన్నాను. ఆ చప్పుడేమిటన్నారు. సరఫరా వచ్చేలోపు పూర్తిచేయాల్సిన పని ఒకటి జరుగుతోందన్నాను. మంచిది, కానివ్వండి అన్నారు.

ఆఖరి వాయి తీస్తుండగా సందులో కరెంటు వచ్చింది. లోపల ఫ్యాను తిరిగింది. అందరూ అలవాటుగా “వచ్చింది!” అని అరిచారు గానీ ఎవరూ లేవలేదు. తొట్టెల ఊపి పాటలు పాడాక, వియ్యాలవారి బంతిలోనే మమ్మల్ని కూర్చోబెట్టారు. గారె నోట్లో పెట్టుకుంటే మెత్తగా విరిగింది. మిక్సీ గారె గట్టిగా ఉందని అమ్మ అన్నది నిజమే. ఒప్పుకున్నాను. యాదయ్య ఎన్ని తిన్నాడో ఆయన చొక్కా గుండీలను అడగాలి.

నెల తిరగ్గానే ఆ ఇంటి మీటరు తీసేశాం. 2014లో, నేను రిటైరయ్యే ముందు, అదే జాగాలో లేచిన అపార్ట్‌మెంటుకు సరఫరా ఇవ్వడానికి తనిఖీకి వెళ్లాను. కింద మీటర్ల గదిలో, సరిగ్గా ప్యానెల్ బోర్డు ముందు, ఆ రోలు ఉంది. ఫ్లాట్‌లోకి ఎక్కించడానికి వీల్లేక అనసూయమ్మ అక్కడ పెట్టించిందట. పండుగలకు అన్ని అంతస్తుల వాళ్లూ అక్కడే కూర్చుని రుబ్బుకోవాలని ముందే మాట అనుకున్నారట. ప్యానెల్ ముందు ఏ వస్తువూ ఉండకూడదని నియమం. దాన్ని అవతలి గోడ దాకా జరిపించి, మధ్య దూరం టేపుతో నేనే కొలిచి, అప్పుడు సంతకం పెట్టాను.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నవి రెండు. ఎల్సీ తీసుకున్న మనిషి ఒంటరిగా ఎటూ పోకూడదు. ఆ నియమాన్ని మరునాడే మా సెక్షన్‌లో పెట్టాను. రెండోది, లైను ఆపే ముందు ఆ సందులో ఏ ఇంట్లో ఏం వేడుక ఉందో కనుక్కోవాలి. ముందుగా తెలిసిన మరమ్మతులకు యాదయ్యను పంపి ఇంటింటా అడిగించేదాన్ని. పెళ్లో, తొట్టెలో ఉంటే పనిని మరో రోజుకు మార్చేవాళ్లం. రిటైరయ్యే దాకా అలాగే చేశాను. ఆ కారణంగా ఏ పనీ చెడలేదు.