కంపెనీ వాసన అనుకున్నాం

నా చిన్నప్పుడు పటాన్‌చెరు పక్కన మా ఊళ్ళో తలనొప్పిని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టేవారు కాదు. చుట్టూ మందుల కంపెనీలు. గాలి మా వైపు తిరిగిందంటే ముక్కు మండేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి, ఇంటికొకరు తలకు గుడ్డ కట్టుకుని తిరిగేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్న మేనత్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వచ్చిన వారానికే తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మసకలు కమ్ముతున్నాయని అనడం మొదలుపెట్టింది. నాయనమ్మ కొట్టిపారేసింది.

"గీ కంపెనీ వాసనకే బిడ్డా. మీ అత్తగారి ఊర్ల గీ వాసన లేదు గద, నీకు అలవాటు తప్పింది. రెండు దినాలైతే అదే తగ్గుతది."

కిటికీ మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. ఆ పనిలో నేనూ చేయి వేశాను. మేనత్త ముఖం ఉబ్బితే, పుట్టింటి తిండి ఒంటబట్టిందని అందరం మురిసిపోయాం. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడోనాడు పొద్దున చద్దన్నం తింటూ తింటూ మేనత్త పక్కకు ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. ఎవరో ఆమె గుప్పిట్లో ఇనుప తాళంచెవి పెట్టారు. గాలి సోకిందని ఇంకెవరో మంత్రగాడి కోసం పరుగెత్తారు. నాన్న జీపు అడిగి తెచ్చేసరికి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే తలనొప్పి, మసకలు, ఒంటికి వాపు వచ్చి చివరికి ఇలాగే అవుతుందని, ముందే తెస్తే బతికేదేమోనని సంగారెడ్డి ఆస్పత్రిలో చెప్పారు. మధ్యాహ్నానికి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

పదోరోజున చుట్టాలంతా గాలి సోకిందనే చెప్పుకున్నారు. అలా అనుకుంటే నాయనమ్మకే నయం, ఎవరూ వేలెత్తి చూపరు. ఆమె మాత్రం అందరి మధ్యా లేచి నిలబడింది.

"గాలి లేదు, దయ్యం లేదు. తలకాయ నొస్తుందని నా బిడ్డ మూడు దినాలు జెప్పింది. నేనే ఇనలే. మీ ఇండ్లల్ల ఎవరన్న గిట్ల జెప్తే జల్దీ దవాఖానకు తీస్కపోండ్రి."

ఆ తర్వాత కడుపుతో ఉన్న ఏ కోడలు కనిపించినా ఆపి, పాదం మీద వేలు నొక్కి చూసేది. గుంట పడితే తానే వెంటబెట్టుకుని సంగారెడ్డి బస్సెక్కేది. కూతుర్ని మింగిన ముసలిదని కొందరు ముఖం మీదే తలుపేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆ తలుపే తట్టేది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఎవరైనా నొప్పి అంటే "ఏం కాదులే" అనే మాట నా నోటికి రాదు. ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగి, చెప్పేది చివరిదాకా వింటాను. మా మేనత్తను ఇంట్లో ఎవరూ అలా అడగలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగేసరికి ఆమెకు స్పృహ లేదు.