మా బాబాయింటి సోమవారం పాఠం

ఆ రోజుల్లో నాకు ఏ సంగతైనా ఇట్టే తేలిపోయేది. కొత్త ఉద్యోగం, చాంగీ బిజినెస్ పార్క్‌లో అద్దాల ఆఫీసు, ఇంక తెలుసుకోవలసింది ఏం మిగిలిందనిపించేది. ఉండడం మాత్రం పాసిర్ రిస్‌లో మా పిన్నీ బాబాయిల ఫ్లాట్‌లో. వాళ్ళు మార్మన్లు, అంటే క్రైస్తవుల్లోనే ఓ వేరే శాఖ. రాజమండ్రి మనిషి మా బాబాయి, సముద్రం అవతల ఒక్క ముఖం కూడా తెలియని ఈ ఊళ్ళో దిగిన కొత్తలో, ఆ చర్చివాళ్ళు ఆప్యాయంగా భోజనానికి పిలిస్తే వెళ్ళి, ఇంక అక్కడే ఉండిపోయాడు. పిన్నీ ఆయన వెంట నడిచింది. ఆ ఇంట్లో కాఫీ, టీ నిషిద్ధం (నేను ఆఫీసు దగ్గరే తాగేసి, పుదీనా బిళ్ళ చప్పరిస్తూ ఇల్లు చేరేదాన్ని. పిన్ని నా మొహంలోకి ఓసారి చూసి, బార్లీ నీళ్ళు ఇచ్చేది).

సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవాలన్నది వాళ్ళ మతంలో ఆనవాయితీ. ఒక ప్రార్థన, ఒక పాట, ఒక పాఠం, చివర్లో పిన్ని చేసిన చేగోడీలు. నేను ఆ మతంలో చేరలేదు గానీ చేగోడీల్లో నాకు పూర్తి సభ్యత్వం ఉండేది. బాబాయి ఇంగ్లీషు స్తోత్రాన్ని కూడా హరికథ బాణీలో సాగదీసి పాడేవాడు. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చేది. దూరంగా విమానాలు దీపాలు వెలిగించుకుని, తొందరేమీ లేనట్టు, ఒకదాని వెనక ఒకటి కిందికి దిగేవి. అవి చూస్తూ నేను సగం నిద్రలో తేలుతుండేదాన్ని.

అలాంటి ఒక సోమవారం పాఠం చెప్పే వంతు చిట్టికి వచ్చింది. చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, పదహారేళ్ళది. తెలుగు బాగానే అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం సగం ఇంగ్లీషే, అదీ ఈ ఊరివాళ్ళలా మాట చివర 'లా', 'ఆ' తగిలించుకుని వస్తుంది. ఆ రోజు అది పాఠం పుస్తకం తెరవలేదు.

"డాడీ, మన చర్చి స్టార్ట్ చేసిన ప్రవక్తకి చాలామంది వైఫ్స్ ఉన్నారంట. అందులో ఒకమ్మాయి నాకంటే చిన్నదంట. ట్రూ ఆ?"

బాబాయి పాటల పుస్తకం మూసేశాడు. "అవన్నీ మనమంటే గిట్టనివాళ్ళు రాసేవమ్మా."

"నో లా. చర్చి వెబ్‌సైట్‌లోనే ఉంది. చదివాను."

నా మత్తు వదిలిపోయింది. ఎవరూ అడక్కుండానే కలగజేసుకుని, "మన కృష్ణుడికి మాత్రం ఎనిమిదిమంది లేరా చిట్టీ" అన్నాను, రెండు మతాలకీ ఒకేసారి సాయం చేస్తున్నట్టు. ముగ్గురూ నావైపు తిరిగారు. "అక్కా, నాట్ హెల్పింగ్" అంది చిట్టి. (ఆఫీసులో మాత్రం, ఎంత చిక్కు సమస్యనైనా విడదీస్తానని నాకు పేరు.)

అంతలో అది మళ్ళీ బాబాయికేసి తిరిగింది. "ఎంతమంది అన్నది కాదు డాడీ. ఆ పిల్లని ఎవరైనా అడిగారా, నీకు ఇష్టమేనా అని? దీని గురించి నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడకపోతే నేను సండే చర్చికి రాను."

బాబాయి మూసిన పాటల పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. పరాయి దేశంలో ఆయనకి దొరికిన మొదటి చుట్టరికం ఆ చర్చి. పిన్ని చేగోడీల పళ్ళెం పక్కకి జరిపింది.

"నిజమేనే చిట్టీ. నీ చిన్నప్పుడే లైబ్రరీలో చదివాను. మీ నాన్న మనసు విరిగిపోతుందని ఎప్పుడూ ఎత్తలేదు."

బాబాయి ఆవిడకేసి అదోలా చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసండీ."

"నాకూ తెలుసే. నువ్వెక్కడ బాధపడతావోనని, ఎవరైనా ఆ మాట ఎత్తగానే నిన్ను లోపలికి పంపేసేవాణ్ణి."

"అందుకా, వచ్చినవాళ్ళు అడక్కపోయినా మంచినీళ్ళు తెమ్మనేవారు?"

చిట్టికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. "సో మీ ఇద్దరికీ ముందే తెలుసు, నాకే లేట్‌గా తెలిసింది ఆ?"

ఇంక ఆ గదిలో కూర్చోలేక నలుగురం బీచ్‌కి నడిచాం. వాన వెలిసిన సాయంత్రం, చెట్ల నించి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. బాబాయి చిట్టి పక్కన నడుస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పాడు. "ఆ పిల్ల సంగతి తలుచుకుంటే నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ నేను ప్రార్థన చేస్తే ఎవరో వింటున్నారనిపిస్తుంది. ఈ రెండూ ఎలా కలుస్తాయో నాకింకా తెలీదు. నువ్వు ఆదివారం వచ్చినా, రాకపోయినా, ఇలాంటివి నాతో మాట్లాడ్డం మానకు."

చిట్టి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ ఆదివారం అది వెళ్ళలేదు. పై ఆదివారం వెళ్ళింది. సోమవారం పాఠాలు మాత్రం అప్పట్నించీ బాగా గోలగా తయారయ్యాయి. ఒకప్పుడు తమ చర్చిలో నల్లజాతివాళ్ళని పూజారులుగా ఎందుకు ఉండనివ్వలేదని అది నిలదీస్తే, "తప్పే" అని బాబాయి ఒప్పుకోవడం నా చెవులారా విన్నాను. ఇప్పుడు చిట్టి కాపురం ఈ ఊళ్ళోనే, హౌగాంగ్‌లో. కొన్ని ఆదివారాలు చర్చికి వెళుతుంది, కొన్ని వెళ్ళదు. బాబాయి ఆరా తీయడు, అదే ఫోన్ చేసి చెబుతుంది.

నాకు మాత్రం ఆ బీచ్ నడకే కళ్ళలో ఉండిపోయింది. వాళ్ళు ముగ్గురూ ముందు వెళుతుంటే, వెనకపడి నడుస్తున్న నాకు, నేను మా నాన్నని ఇంతవరకూ ఒక్క గట్టి ప్రశ్నా అడగలేదని తోచింది. అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఎత్తారు. అడుగుదామనుకున్న ప్రశ్న కాస్తా నోటిదాకా వచ్చి వేరే మాటైపోయింది.

"ఏం చేస్తున్నారు నాన్నా?" అన్నాను.

"టీవీ చూస్తున్నానమ్మా."

"ఏం వస్తోంది?"

ఆయన ఓపిగ్గా మొదటినించీ చెప్పుకొచ్చారు. కెరటాల చప్పుడులో సగం వినపడలేదు. అయినా ఊఁ కొడుతూ, ఆ చీకటిపడే ఒడ్డున చాలాసేపు అలాగే నిలబడ్డాను.