ఊగిన గోల్‌పోస్టు, నా సంతకం

మా క్లబ్బుకు నన్ను కార్యదర్శిని చేసింది నాకు ఫుట్‌బాల్ తెలుసని కాదు, చేతిరాత బాగుంటుందని. ఆదిలాబాద్‌లో నేను గుమాస్తాగా పనిచేసే జిన్నింగ్ మిల్లు యజమానే ఆ క్లబ్బు అధ్యక్షుడు. ఒకరోజు పత్తి బండ్ల చీటీలు రాస్తుంటే నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

"నీ రాత అచ్చు గొట్టినట్టున్నది. రేపటి సంది మన క్లబ్బు కాయితాలన్నీ నువ్వే రాయి," అన్నాడు.

ఆయన అడగడు, చెప్తాడు. నేను కాదనే రకాన్ని కాను. అలా కార్యదర్శినయ్యాను.

మా వైపు పట్టణాల జట్లు కొన్ని కలిసి ఆదివారాలు ఆడుకునే చిన్న లీగ్ అది. ఆడేవాళ్లలో మోటారు మెకానిక్కులు, బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు ఉండేవారు. లీగ్‌కు సన్నటి నియమాల పుస్తకం ఒకటి ఉంది. మ్యాచ్ ఎవరి ఊళ్లో జరిగితే ఆ క్లబ్బు ఏమేం చేయాలో అందులో వివరంగా రాసి ఉంటుంది. సున్నంతో గీతలు గీయాలి. గోల్‌పోస్టులు కదలకుండా నేలలో బిగించాలి. స్ట్రెచర్, మందుల డబ్బా, ఆసుపత్రికి పోవడానికి ఒక బండి సిద్ధంగా పెట్టాలి. ఇవన్నీ కార్యదర్శి తన కళ్లతో చూసి, ఫారం మీద ఒక్కొక్కదానికి టిక్కు పెట్టి, కింద సంతకం చేసి రిఫరీకి ఇవ్వాలి.

మా అధ్యక్షుడికి ఆ పుస్తకం కంఠతా వచ్చు. అయితే ఎదుటి జట్టు పాటించాల్సిన నియమాలు మాత్రమే. ఒకసారి మేము చిత్తుగా ఓడిపోయాం. గెలిచినవాళ్లలో ఇద్దరి మేజోళ్లు వేరే రంగువని ఆయన కనిపెట్టాడు. అప్పటికప్పుడు ఫిర్యాదు చెప్పాడు, నేను రాశాను. లీగ్ కమిటీ ఆ పాయింట్లు మాకు ఇచ్చేసింది. మైదానంలో ఓడిన ఆటను కాగితం మీద గెలిచినందుకు ఆయన మిల్లులో అందరికీ పేడాలు పంచాడు. నేనూ ఒకటి తిన్నాను. రుచిగానే ఉంది.

ఇప్పుడు చెప్పబోయే మ్యాచ్ మా ఊళ్లోనే జరిగింది. కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల కార్మికుల జట్టు తెల్లవారకముందే బస్సెక్కి వచ్చింది. మా మైదానంలో ఎగ్జిబిషన్ జరిగి అప్పటికి వారం కూడా కాలేదు. రంగులరాట్నం పెట్టడానికి గోల్‌పోస్టులు పీకేశారు. అది వెళ్లిపోయాక మళ్లీ ఆ గుంతల్లోనే నిలబెట్టి, చుట్టూ ఇటుకముక్కలు, రాళ్లు కూరి, పైన మట్టి కప్పారు. ఇనుప పైపులవి. చూడ్డానికి నిటారుగానే ఉన్నాయి.

మైదానం వాచ్‌మన్ మరాఠీ ముసలాయన. నేను షామియానా కింద కూర్చుని ఫారం నింపుతుంటే దగ్గరికి వచ్చాడు.

"సార్, గా దిక్కు పోస్టు ఊగుతున్నది. రాళ్లే కొట్టిన్రు, సిమెంటు పొయ్యలే. జర చేతితోని కదిలిచ్చి సూడుండ్రి. ఇయ్యాల మ్యాచ్ నకో సార్, వద్దు," అన్నాడు.

నేను లేచి అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఆయన ఫ్లెక్సీ కట్టేవాళ్ల మీద కేకలేస్తున్నాడు. ముఖ్య అతిథి ఫొటో కంటే తన ఫొటో చిన్నగా వచ్చిందని ఆయన బాధ. నేను పోస్టు సంగతి చెప్పాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"తొంభై నిమిషాలే గదా. గంతల ఏమైతది? నువ్వు పోయి పూలదండలొచ్చినయా సూడు."

పూలదండలు వచ్చాయో లేదో చూశాను. వచ్చాయి. పోస్టును మాత్రం చూడలేదు. యాభై అడుగులు నడిస్తే చాలు. ఎండగా ఉంది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. గోల్‌పోస్టులు బిగించి ఉన్నవి, టిక్కు. స్ట్రెచర్ ఉన్నది, టిక్కు. మా క్లబ్బుకు స్ట్రెచర్ ఎన్నడూ లేదు. మందుల డబ్బా ఉన్నది, టిక్కు. డబ్బా అయితే ఉంది. అందులో ఎండిపోయిన అయోడిన్ సీసా, తుప్పు పట్టిన కత్తెర ఉన్నాయి. బండి ఉన్నది, టిక్కు. ఉన్న ఒకే బండి ముఖ్య అతిథి కారు. కింద అందంగా సంతకం చేశాను. రిఫరీ ఆ ఫారం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా లీగ్‌లో కాగితం రాసేవాడు చూడడు, తీసుకునేవాడు చదవడు.

ప్రసంగాలు, సన్మానాలు అయ్యేసరికి ఆట గంట ఆలస్యమైంది. మొదటి సగంలో మావాళ్లు ఒక గోల్ కొట్టారు. రెండో సగంలో అవతలి గోల్‌కీపర్ మాకు అడ్డుగా నిలిచాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. ఏది కొట్టినా ఆపుతున్నాడు. ఇంతలో మాకో కార్నర్ దొరికింది. బంతి గాల్లో తేలుతూ వచ్చింది. అతను ఎగిరి దాన్ని వేళ్లతో పైకి తోశాడు. దిగేటప్పుడు చెయ్యి అడ్డపైపుకు తగిలి, ఒక క్షణం దాన్ని పట్టుకున్నాడు. అంతే. పోస్టు ముందుకు వాలింది. ఒకవైపు రాళ్లు పైకి లేచాయి. అతను నేల మీద పడ్డాడు. అడ్డపైపు వచ్చి అతని భుజం మీద పడింది.

ఇనుము ఎముకకు తగిలిన చప్పుడు షామియానా దాకా వినిపించింది. అతను అరవలేదు. నోరు తెరిచాడు గాని గొంతులోంచి ఏమీ రాలేదు. కాసేపటికి స్పృహ తప్పింది.

అందరూ పరుగెత్తి పైపును లేపారు. వాళ్ల కెప్టెన్ "స్ట్రెచర్, స్ట్రెచర్" అని అరుస్తున్నాడు. మా క్లబ్బువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ చివరికి నా మొహం చూశారు. ఆ కెప్టెన్ ఇక ఆగలేదు. షామియానాకు కట్టిన ఫ్లెక్సీని తాళ్లతో సహా పీకి నేల మీద పరిచాడు.

"అరే, గది చింపకుండ్రి! గెస్టు సారు ఫొటో ఉన్నది," అన్నాడు మా అధ్యక్షుడు.

ఆయన చుట్టూ నిలబడ్డవాళ్లు కట్టుకున్న చేతులు విప్పలేదు. నేనూ అంతే. గోల్‌కీపర్‌ను ఆ ఫ్లెక్సీ మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని రోడ్డు మీదికి మోసుకుపోయారు. ముఖ్య అతిథి కారు షామియానా పక్కనే ఉంది. దాన్ని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఇస్తానని ఆయనా అనలేదు. దారిన పోయే ఆటో ఒకటి ఆపి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆటో మలుపు తిరగ్గానే అధ్యక్షుడు రిఫరీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆట ఆగింది గని మనమే ముందున్నం గదా. పాయింట్లు మనకేనా?"

మర్నాడు మిల్లు ఆఫీసులోకి పిలిచి, లీగ్ కమిటీకి ఉత్తరం రాయమన్నాడు. ఆయన నోటితో చెప్తుంటే నేను రాశాను. సదరు గోల్‌కీపర్ కావాలనే అడ్డపైపు పట్టుకుని ఊగాడట. దానివల్ల మా క్లబ్బు ఆస్తికి నష్టం జరిగిందట. తన ఆటగాణ్ని అదుపులో పెట్టుకోవలసిన బాధ్యత ఆ క్లబ్బుదేనని, దాని మీద నియమాల ప్రకారం చర్య తీసుకోవాలని మా కోరికట. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

ఆ సాయంత్రం నకలు నా సంచిలో ఉంటే మా ఆవిడ తీసి చదివింది. చదివి మళ్లీ అట్లాగే మడిచింది.

"మంచిగ రాసినవ్. గా పిలగాడు దీన్ని సదువుతడా?" అని అడిగింది.

"ఏమో," అన్నాను.

"సదివితె ఏమనుకుంటడు?"

నేను ఆ నకలు తీసుకుని మళ్లీ సంచిలో పెట్టేశాను.

విచారణ కరీంనగర్‌లో, ఒక ఫంక్షన్ హాలు వెనక గదిలో జరిగింది. కమిటీ సభ్యులు ముగ్గురు. ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకొకాయన సమోసాలు చల్లారిపోయాయని హోటల్ వాడితో గొడవ పడుతున్నాడు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మా ఉత్తరం పైకి చదివాడు. గోల్‌కీపర్ చెయ్యి మెడకు కట్టుకుని, వాళ్ల కెప్టెన్ పక్కన కూర్చుని విన్నాడు. చివరిదాకా విన్నాడు.

"పైపు పట్టుకున్నవా?" అని అడిగాడు పెద్దాయన.

"పట్టుకున్న సార్. దిగేటప్పుడు చెయ్యి తాకింది, జరంతసేపు పట్టుకున్న. ఊగలే. అబద్ధమెందుకు చెప్త?"

మా అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. భుజం విరిగినవాడు తనకు నష్టమైనా ఉన్నమాట చెప్పాడు. ఒంటి మీద గీత కూడా పడనివాళ్లం అబద్ధం రాసుకుని వచ్చాం. నేను లేచి నిలబడ్డాను. అది ధైర్యమని ఇప్పటికీ అనుకోను. ఆ గదిలో ఇంకాసేపు అట్లా కూర్చోవడం నావల్ల కాలేదు, అంతే.

"సార్, పోస్టు ఊగుతున్నదని వాచ్‌మన్ పొద్దున్నే చెప్పిండు. నేను పోయి సూడలే. స్ట్రెచర్ లేకుండె. మందుల డబ్బాల మందు లేకుండె. అన్నిటికి టిక్కు పెట్టి సంతకం చేసిన," అన్నాను.

"నీకేమెరుక? కూసో!" అన్నాడు అధ్యక్షుడు.

"మీకు గూడ చెప్పిన సార్. తొంభై నిమిషాలే గదా అన్నరు."

కమిటీ పెద్దాయన మొహంలో కోపం కనిపించింది. అది పోస్టు మీద కాదు, అధ్యక్షుడి మీదా కాదు, నా మీద.

"అడిగితెనే చెప్పాలె. అడగకముందే గివన్నీ ఎందుకయ్యా?" అన్నాడు.

వారం తర్వాత తీర్పు వచ్చింది. రెండు క్లబ్బులకూ హెచ్చరిక. విరగ్గొట్టినవాళ్లకూ, విరిగినవాళ్లకూ సమానంగా. ఫారం మీద తప్పుడు సంతకం చేసినందుకు కార్యదర్శిపై రెండు సీజన్ల నిషేధం. అధ్యక్షుడి పేరు ఎక్కడా లేదు. ఉండే వీలే లేదు. ఆయన ఏ కాగితం మీదా ఎన్నడూ సంతకం పెట్టలేదు. అందుకోసమే నన్ను పెట్టుకున్నాడని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ అది నా గొప్పతనమనుకున్నాను.

ఉద్యోగం మాత్రం తీసేయలేదు. ఆఫీసులోంచి పంపించి పత్తి బండ్లు తూచే కాంటా దగ్గర ఎండలో కూర్చోబెట్టాడు. సీజన్ ముగింపు సభలో లీగ్ వాళ్లు ఆయన్ను 'క్రీడాపోషకుడు' అని పిలిచి శాలువా కప్పారు. ఆ ఫొటో వాట్సాప్‌లో వస్తే మిల్లు మనుషులంతా చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. నా తిరుగుబాటంతా అక్కడిదాకే.

ఆ తర్వాత ఒక ఆదివారం బస్సెక్కి ఆ గోల్‌కీపర్ ఊరికి వెళ్లాను. వాళ్లది మగ్గాల సందు. ఏ ఇంటి ముందు నిలబడ్డా టకటక చప్పుడే. తలుపు దగ్గర వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేనెవరినో చెప్పాను.

"సంతకం పెట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"సూడకుంటనే పెట్టినవా?"

"సూడకుంటనే."

"సదువుకున్నోళ్లు," అంది. ఒక్క మాటే. తర్వాత లోపలికి పోయి చాయ్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. ఆ చాయ్ తాగడం కష్టమైంది.

గోల్‌కీపర్ లోపల ఉన్నాడు. ఎముక అతికింది గాని భుజం దగ్గర ఎత్తుగా నిలబడిపోయింది. చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు. అతని మగ్గాలు కూడా వాళ్ల నాన్నే చూసుకుంటున్నాడట.

"మీ క్లబ్బోళ్లు వస్తున్నరా?" అని అడిగాను.

"ఒక్కసారి వచ్చిన్రు సార్. పండ్లు ఇచ్చి ఫొటో దిగి పోయిన్రు. ఆటగాళ్లకు బీమా చెయ్యాలె గదా, గా పుస్తకంల ఉన్నదట. మా సెక్రటరీ ఫారం పంపుడు మర్చిపోయిండట."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అక్కడ కూడా నాలాంటివాడే ఒకడు ఉన్నాడన్నమాట.

"మళ్ల ఆడుతవా?"

"ఆడుత. గోల్‌ల నిలవడ వశం గాదు. చేతులతోని పని లేని జాగల నిలవడుత," అన్నాడు.

లోపలి నుంచి వాళ్లమ్మ "ఆడుతడట!" అని ఎవరికో చెబుతున్నట్టు అంది.

లేచేటప్పుడు, తప్పు జరిగింది, మనసులో పెట్టుకోవద్దని అన్నాను. అతను గోడకున్న గడియారం వైపు చూశాడు.

"కరీంనగర్ బస్సు మూడింటికున్నది సార్. గిప్పుడు పోతె దొరుకుతది," అన్నాడు.

చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. సందు చివరిదాకా నా వెంట ఎవరూ రాలేదు.