హీటర్ వెంట్ మీద ఆరబెట్టిన బొమ్మ

మా ఊరు నోవైలో లైబ్రరీ వాళ్లు ఏటా ఒక్క చిత్రకారుడికి బొమ్మలు పెట్టుకోవడానికి ఒక గోడ ఇస్తారు. ఆ గోడ కోసం నేను మూడేళ్లు అప్లై చేశాను. మూడో ఏడు చివరికి మిగిలింది ఇద్దరమే. నేనూ, మా వీధి చివర కూతురి దగ్గర ఉంటున్న జపాన్ పెద్దాయనా.

ఆయన జీవితమంతా ఆయిల్ పెయింటింగే. టోక్యోలో చదువు, రెండేళ్లు పారిస్, ఆ తర్వాత నలభై ఏళ్లూ అదే పని. మన సిరా, మన కాగితం ఉండగా ఈ పరాయి రంగులెందుకని సొంత నాన్నే మాట్లాడ్డం మానేశాడట. నేనేమో వారమంతా కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసి, శనివారం గరాజ్‌లో బ్రష్ పట్టుకునేదాన్ని. ఆయన వేసిన మంచు చూస్తే నాకు ఒళ్లు మండేది. అందులో తెలుపు వెతికినా కనపడదు, అయినా చలేస్తుంది.

"ఆయనతో కంపేర్ చేసుకోకు. ఆయనకి అది కెరీర్, నీకు హాబీ," అన్నారు మావారు. హాబీ అన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు.

సోమవారం బొమ్మలు తీసుకెళ్లి చూపించాలి. ఆదివారానికి నా పెద్ద బొమ్మ ఇంకా తడిగానే ఉంది. ఆయిల్ రంగు ఆరడానికి వారాలు పడుతుందని నాకు తెలియక కాదు. చలికాలం మా ఇంట్లో వడియాలు ఆరేది నేలలోంచి వేడిగాలి వచ్చే హీటర్ వెంట్ మీదే. బొమ్మనీ అక్కడే పెట్టాను. పొద్దున్న చూస్తే బొమ్మలో ఆకాశమంతా పాల మీద మీగడలా ముడతలు పడింది.

మంచులో డ్రైవ్ చేయలేనని పెద్దాయన ముందే నన్ను లిఫ్ట్ అడిగి ఉన్నాడు. వచ్చి నా బొమ్మ చూశాడు. లోపల సంతోషిస్తాడనుకున్నాను, నేనైతే సంతోషించేదాన్ని.

"వేడి దగ్గర పెట్టారా?" అన్నాడు పొడి పొడి ఇంగ్లీషులో.

తలూపాను.

"నేనూ పెట్టాను. మొదటి ఎగ్జిబిషన్‌కి ముందు, కిరోసిన్ స్టవ్ పక్కన."

"అప్పుడు మీ వయసెంత?"

"ఇరవై రెండు."

ఓదార్చడానికే చెప్పాడు, పాపం. నాకు నలభై తొమ్మిది. ఆయన బొమ్మలు మూడూ నా కారు వెనక సీట్లో దుప్పటి చుట్టి పెట్టి, నెమ్మదిగా డ్రైవ్ చేశాను. దారంతా గోడ సంగతి గుర్తే రాలేదు. ఆ తప్పు తర్వాత ఆయనకి దొరికిన ఏళ్ల మీదే నా కుళ్లంతా.