మేనత్త పైట మీది చెవి

మా మేనత్త పోయింది. పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆమె కొడుకు, అంటే మా బావ, కిషన్‌బాగ్ నుంచి కబురు పంపాడు. నిద్రలోనే వెళ్లిపోయిందట. ముందురోజు సాయంత్రం దాకా లాడ్ బజార్‌లో తమ గాజుల దుకాణంలో గద్దె మీద కూర్చునే ఉంది. ఏడ్చాను, ఎందుకు ఏడవను? కానీ ఆమెను తలచుకుంటూ ఎక్కువసేపు ఏడవడం నా వల్ల కాదు, నవ్వొచ్చేస్తుంది.

ఆ బజారులో గాజులు అమ్మేవాళ్లు కోకొల్లలు. తొడగడం మాత్రం అందరికీ రాదు. బిర్రైన గాజు ఎక్కాలంటే చేతిని సబ్బునీళ్లతో మెత్తగా పిసికి, వేళ్లు దగ్గరికి నొక్కి, కొద్దికొద్దిగా తిప్పుతూ జరపాలి. అప్పుడు మేనత్త కళ్లు మూసుకునేది. "గాజు పగిలే ముందు చెప్తది బిడ్డా. సన్నగ కిర్రుమంటది. ఇన్నవా, ఆగాలె. గంతే" అనేది.

ఆ కిర్రు ఆమెకు వినిపించడం ఎప్పుడు మానేసిందో ఎవరికీ తెలియలేదు. ఆటో హారన్లు వినిపించేవి, బావ కేకలు వినిపించేవి. ఇంకేం, చెవులు భేషుగ్గా ఉన్నాయనుకుంది. "ఈ కాలం పోరిలే నోట్లె నోట్లె గొణుగుతున్నరు" అని విసుక్కునేది. ఒకరోజు పెళ్లికూతురి చేతి మీదే గాజు పగిలింది, రక్తం వచ్చింది. పెళ్లి గాజు పగలడమంటే మాటలా! పిల్ల తల్లి చేసిన లొల్లికి బజారంతా పోగైంది. ఆ సాయంత్రం బావ, "ఇగ చాలమ్మా, నువ్వు ఇంట్ల కూసో. గద్దె మీద నీ కోడలు కూసుంటది" అన్నాడు. కొత్తకోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ గద్దే మేనత్త లోకం. మర్నాడే నేను, బావ ఆమెను చెవి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాం.

"చెవి నరం బలహీనపడిందమ్మా. మందపు చప్పుళ్లు అందుతాయి, సన్నవి జారిపోతాయి. అరిస్తే లాభం లేదు, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడాలి" అన్నాడాయన. మేనత్త నా వైపు తిరిగి, "ఇన్నవా? ఇగ ఒర్రకు" అంది, అప్పటిదాకా గొంతు చించుకున్నది నేను కాబట్టి.

చెవికి పెట్టుకునే మిషన్లు చూపించారు. చెవి వెనక తగిలించే చిన్నది బావకు నచ్చింది. "కొప్పు కింద దాగుతది, గిరాకీకి తెల్వది" అన్నాడు. అది మేనత్త మాటీలకు, అదే చెవి గొలుసులకు, రాసుకుని గరగరలాడింది. రెండోది కళ్లద్దాల కాడలోనే ఇమిడిపోయింది. "నా కండ్లు మంచిగనే ఉన్నయి. లేని బీమారి తగిలిస్తరా?" అని దాన్ని పక్కకు నెట్టింది. మూడోది సిగరెట్ పెట్టెంత డబ్బా, చప్పుడు పట్టే మైకు అందులోనే, దానినుంచి చెవిలోకి తీగ. ఆమె చెవికి కావలసినంత జోరు దానికే ఉందన్నాడు డాక్టరు. పాత చెవి తిరిగి రాదని, కొత్త చప్పుళ్లకు అలవాటు పడాలని కూడా చెప్పాడు.

విలువైన వస్తువును దుకాణం ఆడది ఎక్కడ పెడుతుంది? తాళాల గుత్తి పక్కన, నడుం దగ్గర, కుచ్చిళ్ల చాటున! మేనత్త డబ్బాను అక్కడే దోపింది. రోజంతా తాళాల మోత, చీర రాపిడి. "లోకమంత తాళాలేనా ఏంది! మిషన్ ఖరాబున్నది" అని తీసి సొరుగులో పడేసింది. బావ శుక్రవారం నుంచి భార్యను గద్దె ఎక్కించడానికి సిద్ధమయ్యాడు.

ఆదుకున్నది పాత గిరాకీ, పక్క గల్లీ బేగం. సంగతి విని కడుపు పట్టుకుని నవ్వింది. "అరే బెహన్, చెవిని మూటగట్టి దాస్తే ఎట్ల ఇనవడ్తది?"

మేనత్త ఆ మధ్యాహ్నమే గోటా జరీ అంచుతో ఆకుపచ్చ పట్టుసంచి కుట్టి, డబ్బాను పైట మీద, అందరికీ కనిపించేలా పిన్ను పెట్టుకుంది. "అందరు చూస్తరమ్మా!" అన్నాడు బావ. "చూడనియ్యి. ఉత్త చెవులు చూస్తలేరా?"

సాధనకు నా చేతులే బలి. గాజు తొడగడం, తీయడం, మళ్లీ తొడగడం. "ఇగో, ఇనవడ్డది!" అని ఆమె గంతేసినప్పుడు నా మణికట్టు కమిలిపోయి ఉంది. అయినా ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

శుక్రవారం రానే వచ్చింది. ఆ లొల్లి చేసిన తల్లే చిన్నకూతురి పెళ్లి గాజులకు వచ్చింది. "ఈమె వద్దు, కోడల్ని తొడగమను" అంది. బావ తన భార్య వైపు చూశాడు. ఆమె కదల్లేదు. "అత్తమ్మే తొడుగుతది" అంది. ఆ మాటకు ఆమెను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

మేనత్త దుకాణంలోని రేడియో కట్టేయించి, పిల్ల చేతిని ఒళ్లోకి తీసుకుంది. గాజు సగం ఎక్కాక టక్కున ఆగింది. మాకెవరికీ ఏమీ వినిపించలేదు. గాజును వెనక్కి తీసి వెలుగుకు పట్టింది. వెంట్రుకంత పగులు గీత. తల్లి ఆ గీతను చూసింది, తర్వాత కూతురి రెండో చేతిని తానే పట్టుకుని మేనత్త ఒళ్లో పెట్టింది.

మేనత్త పేరు ఎత్తితే నాకు ఆ తర్వాతి క్షణమే కనిపిస్తుంది. ఆమె కళ్లు మూసుకుని వంగింది. పైట మీది ఆకుపచ్చ సంచి పిల్ల మణికట్టుకు ఆనుకుంది. బావ, కోడలు, ఆ తల్లి, నేను అందరం ఊపిరి బిగబట్టాం. ఆమె పెదవుల మీద మాత్రం చిన్న నవ్వు. గాజు మెల్లగా, చప్పుడు లేకుండా, జారుతూ ఉంది.