బెల్లం సున్నం పట్టీ

మొన్న పొద్దున నిజామాబాద్‌లో మా కింది వాటాలో ఉండే అబ్బాయి తన కుక్క పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడుగుతుంటే, పక్కన నిలబడ్డ భార్య "వేళ్ల సందుల తడి ఉంచకు, జర మెల్లగ తుడువు" అంది, అతను "సరే" అని మెల్లగా తుడిచాడు. చూస్తున్నవాళ్లు కుక్కకింత సేవా అని నవ్వారు గానీ, నాకు మాత్రం మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఆయన పోయి ఏళ్లు గడిచినా నా కోపం పోలేదు, పోనివ్వను కూడా.

నా చిన్నప్పుడు, అరవైల్లో, మాకు కోటగిరి దగ్గర చెరకు సేద్యం ఉండేది, ఇంట్లో పెద్దబాపు మాటే మాట, కన్నతల్లి చెప్పినా ఆయన చెవికెక్కేది కాదు. ఒకసారి చెరకు కొట్టాక మిగిలిన ఎండాకుకు నిప్పు పెట్టించి, బూడిద ఇంకా కణకణలాడుతుండగానే, అవతల కుందేలు కనబడిందని మా కుక్క మోతిని "ఉస్కో" అని ఉసిగొల్పాడా మహానుభావుడు. అది పిచ్చిది, పిలిస్తే నిప్పుల్లోకైనా పోయేది, పోయింది. కుందేలూ దొరకలేదు, దాని అరికాళ్ల మెత్తలు మాత్రం ఎర్రగా కమిలి, పగిలి, అడుగు వేస్తే కుయ్యోమనేది.

మా వైపు బెణికినా వాచినా బెల్లం, సున్నం కలిపి పట్టీ వేస్తారు, మనుషులకూ అదే, ఎడ్లకూ అదే. పెద్దబాపు కుక్కకూ అదే కలిపాడు. "బెల్లమంటే కుక్క నాకదారా కొడుకా? సున్నంతోని నోరు పొక్కుతది" అని మా నాయనమ్మ మొత్తుకుంటే, "నీకేం ఎర్కనే అవ్వా, ఊకో" అని కసిరి నాలుగు కాళ్లకూ మెత్తాడు.

తెల్లారేసరికి మోతి పట్టీలన్నీ నాకేసింది. నాలుక పొక్కి, పాదాలు ఇంకా కాలి, గంజి కూడా ముట్టలేదు. ఆ మనిషికి సిగ్గుండాలా వద్దా? పైగా కుక్కనే తిట్టి, బోధన్‌ చక్కెర మిల్లుకు చెరకు బండి కట్టేనాటికి లేచి నడవకుంటే దాన్ని బండిలో వేసుకుపోయి దారిలో వదిలేస్తానని తేల్చేశాడు. నేను ఏడుస్తూ నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

నాయనమ్మ లేచి లోపలికి పోయింది. పెండ్లిళ్లకు మాత్రమే పెద్దబాపు చుట్టుకునే తెల్ల తలరుమాలు పెట్టెలోంచి తీసి, నా కళ్లముందే పర్రున చింపింది. మోతి పాదాలు చల్లటి నీళ్లతో కడిగి, తడి ఒత్తి, కొబ్బరినూనె రాసి, ఆ గుడ్డ వదులుగా కట్టింది, నోట్లో కొంచెం కొంచెంగా చల్ల పోసింది. పూటపూటా అదే పని, నేను దాని తల పట్టుకునేదాన్ని. రుమాలు సంగతి తెలిసి పెద్దబాపు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు, ఆమె తల ఎత్తనే లేదు.

బండి కట్టిన పొద్దున మోతి కుంటుకుంటూ లేచి నాయనమ్మ వెంట దొడ్డంతా తిరిగింది. అబ్బ, అప్పుడు పెద్దబాపు ముఖం చూడాలి! ఆ తర్వాత ఆయన గొంతు చించుకుని "ఉస్కో" అన్నా అది కదిలేది కాదు, నాయనమ్మ కాళ్ల మీద తల పెట్టి ఆయన్నే చూస్తూ పడుకునేది. నాకు కడుపు చల్లబడేది.

ఇప్పుడు కుక్కల కాళ్లకు మలాములు వచ్చాయి, మేజోళ్లు వచ్చాయి, మంచిదే, వాటి మీద నాకేం ఈర్ష్య లేదు. కింది వాటా అబ్బాయి అన్న ఆ "సరే" ఉంది చూశారూ, దాని మీదే నా ఈర్ష్యంతా. నాయనమ్మ ఆ ఇంట్లో బతికినన్నాళ్లు ఎన్ని మంచి మాటలు చెప్పిందో, ఆ ఒక్క మాట మాత్రం కొడుకు నోట వినకుండానే పోయింది.