అద్దంలా మెరిసిన గొట్టం

నా చిన్నప్పుడు మెరిసేది ఏది కనిపించినా ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు అదే మెరుపు చూస్తే ఒళ్ళు మండుతుంది. అరకు సంత వీధిలో మా లేతు షెడ్డుని నలభై ఏళ్ళు నడిపి మొన్ననే చేతులు కడుక్కున్నాను. అయినా ఇప్పుడు షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు, కాఫీ పళ్ళ తొక్క తీసే పల్పర్లకి ఇరుసు తిరిగే బుష్షులు చేసుకొచ్చి, ఎమెరీ కాగితంతో గంటసేపు రుద్ది, "ఎంత నున్నగా వచ్చిందో చూడండి పెద్దమ్మా" అంటూ నా ముక్కు దగ్గర పెడతారు. రంధ్రం వంకరగా ఉందిరా అంటే మొహాలు మాడ్చుకుంటారు. వాళ్ళ మీద ఎంత అసహ్యం వేస్తుందో చెప్పలేను. నిజం చెప్పాలంటే అందులో సగం నా మీద నాకున్నదే. అది తొమ్మిదేళ్ళ వయసులో మొదలైంది.

ఆ షెడ్డు మా తాతయ్యది. కింద మైదానంలో రైలు వర్కుషాపులో పనిచేసి, ఉద్యోగం మానేశాక ఒక పాత లేతుని లారీలో ఘాటెక్కించి తెచ్చుకున్నాడు. పిండిమిల్లు ఇరుసులు, జీపు బుష్షులు, కాఫీ పల్పర్లు ఆయన పని. ఎప్పుడైనా లైసెన్సు కాగితం చూపిస్తే పంట కాపలా తుపాకీకి చిన్న మరమ్మతు చేసేవాడు. కాగితం లేకపోతే ఎంతటివాడు వచ్చినా టీ ఇచ్చి పంపేసేవాడు. బడి వదలగానే నేను అక్కడే ఉండేదాన్ని. లేతు కింద పడే ఇత్తడి రజను ఏరుకుని సీసాలో దాచుకోవడం నా వ్యాపకం. అది మెరుస్తుంది మరి.

మా షెడ్డుకి ఎదురుగా ఒక ఇనుప సామాను షావుకారు ఉండేవాడు. కింద నుంచి వచ్చి కొండ మీద స్థిరపడ్డవాడు. నోటినిండా కిళ్ళీ, మాటనిండా తేనె. ఎక్కడ నిలబడితే అక్కడ ఉమ్మేవాడు. మా షెడ్డు గుమ్మం పక్క గోడ ఆయన ధర్మమా అని ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. ఆ మరకలు కడగడం నా వంతు, అందుకని ఆయనంటే నాకు అప్పటికే రోత.

పై ఊరి నుంచి ఒక ముసలాయన సంతకి వచ్చేవాడు. కొండవాలులో చోడి చేను, అంటే రాగి చేను, ఆయనది. రాత్రుళ్ళు అడవి పందులు పడి తొక్కేస్తుంటే, వాళ్ళ నాన్న కాలం నుంచి ఉన్న లైసెన్సు తుపాకీ పేల్చి తరిమేవాడు. ఆ తుపాకీ గొట్టం తుప్పు తినేసింది. కొత్తది చేయించి పెడతానని షావుకారు మాటిచ్చాడు. ఇటుకల పండగ దగ్గర పడుతోంది. పండగ రోజుల్లో వాళ్ళ ఊరి మగవాళ్ళంతా వేటకి వెళ్ళాలి. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు, పాటలు కట్టి మరీ ఎగతాళి చేస్తారు. ఆ ముసలాయనకి ఊళ్ళో మంచి వేటగాడని పేరు. ఒక్కసారి కూడా పేడనీళ్ళు పడలేదని సంతలో అందరికీ చెప్పుకునేవాడు.

పండగ వేటకి ముందురోజు షావుకారు కొత్త గొట్టం పట్టుకుని మా షెడ్డుకి వచ్చాడు. దాన్ని తుపాకీ పాత కర్రపిడికి బిగించడం తాతయ్య పని. తాతయ్య ఎవరిదో పిండిమిల్లు చూడ్డానికి వెళ్ళాడు. ముసలాయన కర్రని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. షావుకారు నా చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టి, గొట్టం ఆయనకి అందించాడు. ముసలాయన దాన్ని వెలుగుకేసి పట్టి చూశాడు. ఆయన కళ్ళకి పొరలు.

"నా కళ్ళు మబ్బుగుంటన్నాయి గుంటా. నువ్వు సూసి సెప్పు, లోపల ఎలాగుంది?" అన్నాడు.

నేను కన్ను పెట్టి చూశాను. తూటా కూర్చునే చోట, దాన్ని ఛాంబర్ అంటారు, ఉంగరాల్లా వెలుగు చుట్టుకుని ఉంది. అంత మెరుపు నేనెప్పుడూ చూడలేదు. నోట్లో పిప్పరమెంటు చప్పరిస్తూ, "అద్దంలా ఉంది పెద్దయ్యా" అన్నాను. షావుకారు నవ్వి నా తల నిమిరాడు. ముసలాయన ఆ మాటతో సంబరపడిపోయి, గొట్టాన్ని పసిపిల్లని తుడిచినట్టు తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు తాతయ్య వచ్చాడు. గొట్టం చేతిలోకి తీసుకున్నాడు కానీ లోపలికి చూడనే లేదు. నాకది వింతగా తోచింది. దాని బయటి చుట్టుని లేతు చక్కులో, అంటే తిరిగే పట్టులో, జాగ్రత్తగా బిగించి, సరిగ్గా పట్టే ఉక్కు కడ్డీ ఒకటి వెతికి ఛాంబర్లోకి దూర్చి, ఒక జానెడు బయటికి ఉంచాడు. కరెంటు వేయకుండా చక్కుని చేత్తో తిప్పాడు. గొట్టం ఉన్నచోటే నిశ్చలంగా తిరిగింది. కడ్డీ కొస మాత్రం గాలిలో సున్నా చుడుతోంది. నా వేలు పట్టుకుని ఆ కొసకి ఆనించి మళ్ళీ తిప్పాడు. కడ్డీ నా వేలిని తోసింది, వదిలింది, మళ్ళీ తోసింది.

"రంధ్రం ఎటో పోయింది షావుకారూ" అన్నాడు తాతయ్య.

"రీమర్ తిప్పించాను కదా మేస్త్రీ! ఇంకేటి కావాలి?" అన్నాడాయన.

తాతయ్య నాకూ ముసలాయనకీ వినిపించేలా చెప్పాడు. రంధ్రాన్ని నునుపు చేసే రీమర్ అనేది గుడ్డిది. ముందున్న రంధ్రం ఎటు పోతే అది అటే పోతుంది. వంకర రంధ్రంలో తిప్పితే వంకరకే మెరుగు పెడుతుంది. వంకర తీయాలంటే బోరింగు కడ్డీకి ఒకే పన్ను పెట్టి, వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ, ప్రతిసారీ కొలుచుకుంటూ రావాలి. దానికి రోజంతా పడుతుంది. ఆ ఒక్క రోజూ మిగుల్చుకోవాలని ఎవడో డ్రిల్లు వేసి, రీమర్ తిప్పి, చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ బోరింగు చేద్దామన్నా ఒక పక్క లోహం మిగిలి ఉండదు, పేలిస్తే అటే చీలి చేతుల్లో బద్దలవుతుంది.

 ముసలాయనకి రేపు వేట, ఊరంతా చూస్తుంది. చివరికి, నిజంగా అంత పల్చబడిందా అని అడిగాడు. కోస్తేనే తెలుస్తుంది, కోస్తే మళ్ళీ అతకదు, గొట్టం నీది గనక మాట నీదే అన్నాడు తాతయ్య. షావుకారు అడ్డం పడ్డాడు. ముసలాయన ఆయన్ని చూడకుండా, "కోసీ మేస్త్రీ" అన్నాడు.

తాతయ్య రంపం తీశాడు. గొట్టం రెండయ్యాక తాతయ్య ఆ ముక్కని నా చేతికిచ్చాడు. ఒక పక్క నా బొటనవేలంత మందం ఉంది. ఇంకో పక్క చోడి రొట్టె అంచులా ఉంది. ముసలాయన ఆ పల్చటి అంచు మీద వేలు నడిపి, తర్వాత అదే వేలితో తన చెంప తడుముకున్నాడు. తుపాకీ పేల్చేటప్పుడు ఆ భాగం ఉండేది ఆ చెంప పక్కనే.

షావుకారు సిగ్గుపడి ఉంటాడని మీరనుకుంటారు. ఆయన మా గోడ మీద ఒక ఉమ్ము ఉమ్మి, "ఏడాదికి నాలుగుసార్లు పేల్చే కొండోళ్ళకి ఇది సాలదేటి? ఊరికే పాడుసేసీసేవు" అని తాతయ్య మీదే విసుక్కుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళని చూశాను. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఉన్న తీరిక మాత్రం ఇంకెవరిలోనూ చూడలేదు. థూ, ఇప్పుడు రాస్తుంటే కూడా నోరు చేదవుతోంది. నా నాలుక మీద ఆయన పిప్పరమెంటు తీపి ఇంకా ఉంది అప్పుడు. బయటికి పరిగెత్తి కక్కేశాను. ఎంత కడుక్కున్నా తీపి పోలేదు. కాలిన కటింగ్ ఆయిల్ వాసనలో కలిసి గొంతులోనే ఉండిపోయింది. అద్దంలా ఉందన్నది నేను. ముసలాయన నమ్మింది షావుకారుని కాదు, నన్ను. తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు సాయంత్రం తాతయ్య నన్ను పై ఊరికి తీసుకెళ్ళాడు. ఎందుకో చెప్పలేదు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు కట్టి, కుండలు పక్కన పెట్టుకుని పాటలు పాడుతున్నారు. వేటకి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. ముసలాయన చివరన వచ్చాడు. చేతిలో ఒక దుడ్డుకర్ర తప్ప ఏమీ లేదు. ఆయన్ని అలా చూసేసరికి ఆడవాళ్ళకి పండగే అయింది. ఇన్నేళ్ళ బాకీ తీర్చుకున్నట్టు కుండల మీద కుండలు కుమ్మరించారు. తల నుంచి కాలి దాకా పేడ కారుతోంది. ఆయన కోడలైతే నవ్వలేక కింద కూర్చుండిపోయింది.

నేను తాతయ్య వెనక దాక్కున్నాను. ఆయన మా దగ్గరికి నడుచుకుంటూ వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ చాపాడు.

"నా కళ్ళు మబ్బు కదేటి గుంటా. లెక్కెట్టి సెప్పు, అన్నీ ఉన్నాయా?"

నేను చూసి చెప్పలేదు. ఒక్కో వేలూ పట్టుకున్నాను. పేడ జారుతోంది, వేడిగా ఉంది, కంపు కొడుతోంది. చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి అన్నీ నొక్కి నొక్కి లెక్కపెట్టి, "పది, పెద్దయ్యా" అన్నాను. ఆయన ఆ పేడచేతినే నా తల మీద పెట్టాడు.

ఆ కోసిన ముక్క ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. లోపలి మెరుపు ఎప్పుడో తుప్పు పట్టింది, అంచు మాత్రం అలాగే ఉంది. కుర్రాళ్ళు నున్నటి బుష్షు తెస్తే ముందు కడ్డీ దూర్చి, వాళ్ళ వేలు పట్టుకుని కొసకి ఆనిస్తాను. పిప్పరమెంటు వాసన తగిలితే నాకు ఈ వయసులోనూ వాంతికొస్తుంది. పేడ వాసనకి మాత్రం ముక్కు మూసుకోను. ఎవరూ చూడకుండా ఆ పది వేళ్ళూ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంటాను.